కుర్రాళ్ళకి బైకుల మీద మోజు తగ్గిందా, కంపెనీలే వాళ్ళని వదిలేశాయా?

మైలురాయి:
చాలా రోజులుగా ఈ విషయం మాట్లాడాలనుకుంటున్నా. ఎక్కడ చూసినా ఒకటే పాట, "ఈ కాలం పిల్లలకి బైకులంటే ఆసక్తి లేదు, చేతిలో ఫోనుంటే చాలు" అని. నాకా మాట అస్సలు మింగుడుపడదు. అమ్మకాలు పడిపోయిన మాట నిజమే, కాదనను. అమెరికా లెక్కే చూడండి. 2006 ప్రాంతంలో అక్కడ ఏడాదికి 10 లక్షలకు పైగా కొత్త బైకులు అమ్ముడయ్యేవి. 2008 ఆర్థిక సంక్షోభం దెబ్బకి అది సగానికి సగం పడిపోయింది. తర్వాత ఉద్యోగాలు తిరిగొచ్చాయి, కార్ల అమ్మకాలు కోలుకున్నాయి, బైకులు మాత్రం ఆ ఎత్తుకి మళ్ళీ చేరలేదు. హార్లే-డేవిడ్‌సన్ 2006లో దాదాపు 3.5 లక్షల బళ్ళు షోరూములకి పంపితే 2024లో అది 1.5 లక్షల దగ్గర ఆగింది.

కానీ నన్ను ఆలోచనలో పడేసింది ఈ సంఖ్యలు కాదు, వయసు. అక్కడి పరిశ్రమ సంఘం సర్వేల ప్రకారం బైకున్నవాళ్ళ మధ్యస్థ వయసు 1990లో 32, 2018 నాటికి 50. అంటే 28 ఏళ్ళు గడిస్తే వయసు 18 ఏళ్ళు పెరిగింది. ఒకే తరం వాళ్ళు పాతది అమ్మి కొత్తది కొంటూ పోయారు, వెనక నుంచి వచ్చి చేరినవాళ్ళు చాలా తక్కువ. కంపెనీలు కూడా ఆ ఒక్క తరం జేబు చూసుకునే బళ్ళు తయారుచేశాయి. ఏటేటా ఇంకొంచెం పెద్ద ఇంజిను, ఇంకొంచెం బరువు, ఇంకొంచెం క్రోము. పిల్లలు రాలేదనే ముందు, వాళ్ళు రావడానికి దారి ఎక్కడుందో చూడాలి కదా. మీరేమంటారు?

ట్యాపెట్_శబ్దం:
అన్నా, తప్పంతా కంపెనీల మీదే వేస్తే ఎలా? మోజు తగ్గింది బైకుల మీద ఒక్కటే కాదు, బండి నడపడం మీదే. 1983లో అమెరికాలో 16 ఏళ్ళ పిల్లల్లో 46 శాతం మందికి లైసెన్సు ఉండేది, 2014 నాటికి అది 24 శాతం చిల్లరకి వచ్చింది. కారుకే లైసెన్సు తీసుకోని పిల్లాడు బైకుకి తీసుకుంటాడా? మా కాలంలో స్నేహితుణ్ణి కలవాలంటే బండి కావాలి. ఇప్పుడు ఇంట్లోంచి కదలకుండానే నలుగురితో మాట్లాడుకుంటున్నారు. అవసరం లేని చోట మోజు పుట్టదు.

ఇంకోటి, లైసెన్సే ఒక పెద్ద తతంగం అయిపోయింది. యూరప్‌లో 2013 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం 18 ఏళ్ళకి ఏ2 లైసెన్సు వస్తే 35 కిలోవాట్ల లోపు బండే నడపాలి, పూర్తి లైసెన్సు నేరుగా కావాలంటే 24 ఏళ్ళు నిండాలి. శిక్షణ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు, హెల్మెట్టు, జాకెట్టు, గ్లౌజులు, బూట్లు వేరు, పాతికేళ్ళ లోపు వాడికి ఇన్సూరెన్సు మోత వేరు. ఇవన్నీ దాటుకుని వచ్చేసరికి సగం ఉత్సాహం చచ్చిపోతుంది.

మూడోగేరు:
నాకు 22. మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మా మాట కూడా వినండి.

మాకు ఇష్టం లేదని ఎవరన్నారు? నా ఫోన్ తెరిస్తే రోజూ చూసేవి సగం బైకు వీడియోలే. నా స్నేహితుల్లో బండి కొనాలని లేనివాడు ఒక్కడూ లేడు. కాకపోతే మీరు కలలుగన్న బండి మా కల కాదు. 350 కిలోల క్రూజర్ మీద కూర్చుని చేతులు చాచి హైవే మీద వెళ్ళడం మీకు స్వేచ్ఛ అనిపించిందేమో, నాకు దాన్ని పార్కింగ్‌లోంచి వెనక్కి తోయడమే గుర్తొస్తుంది. లీటరు సూపర్‌స్పోర్ట్, అంటే 1000 సీసీ రేసు తరహా బండి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ మణికట్ల మీద బరువు వేసుకుని రోజూ కాలేజీకి వెళ్ళలేను, దాని మొదటి గేరు అయ్యేసరికే రోడ్డు మీద వేగ పరిమితి దాటిపోతుంది. అంత శక్తిని ఎక్కడ వాడాలి?

నాకు కావాల్సింది 160, 170 కిలోల బండి, 40 గుర్రాల శక్తి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోనివ్వని ఏబీఎస్, ఫోన్ చార్జింగ్, దారి చూపించే చిన్న తెర. వారమంతా పనికి రావాలి, ఆదివారం ఊరి బయటికి తీసుకెళ్ళాలి. ఒకే బండి. ఇంట్లో మూడు బళ్ళు పెట్టుకునే చోటు కానీ డబ్బు కానీ మాకు లేవు. మొన్నమొన్నటి దాకా ఇలాంటి బండి అడిగితే "ముందు ఇది తీసుకో, అలవాటయ్యాక పెద్దది కొందువు గానీ" అని నాసిరకం బ్రేకులు, సన్నటి టైర్లు ఉన్నదేదో చూపించేవాళ్ళు. చిన్న బండి అంటే చవకబారు బండి అన్న లెక్క. అదే మాకు ఒళ్ళు మండేది.

చరిత్ర_పురుగు:
మైలురాయి గారూ, మీరన్న "ఒక్క తరం జేబు" కథ కొత్తది కాదు, 60 ఏళ్ళ కిందట ఇంగ్లండులో అచ్చం ఇలాగే జరిగింది. హోండా 1958లో సూపర్ కబ్ తెచ్చింది. అది పెద్దగా చప్పుడు చేయదు, చేతులకి గ్రీజు అంటదు, ఎవరైనా నడపొచ్చు. బ్రిటిష్ కంపెనీలు దాన్ని బండిగానే లెక్కలోకి తీసుకోలేదు. జపాన్ వాళ్ళు చిన్న ఇంజిన్లతో వస్తే "వాటిలో లాభమెంత, మనం పెద్దవాటి మీద ఉందాం" అని 250 వదిలేశారు, తర్వాత 350 వదిలేశారు, అలా పైపైకి జరుగుతూ పోయారు. 1969లో హోండా పెద్ద బండి సీబీ750 కూడా వచ్చేసరికి ఇక జరగడానికి పైన చోటు లేదు. 1975లో బ్రిటన్ ప్రభుత్వం కోసం బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ రాసిన నివేదికలో ఈ వెనకడుగు గురించి వివరంగా ఉంటుంది. ట్రయంఫ్ మెరిడెన్ ఫ్యాక్టరీ 1983లో మూతపడింది. సూపర్ కబ్ మాత్రం 2017 నాటికి 10 కోట్లు తయారైంది.

చిన్న బండిలో లాభం తక్కువే కావచ్చు. కానీ దాన్ని కొన్న 18 ఏళ్ళ కుర్రాడు పదేళ్ళ తర్వాత పెద్ద బండి కోసం ముందు ఎవరి దగ్గరికి వెళ్తాడో ఆ లెక్క ఏ పద్దులోనూ కనిపించదు. ఆ ట్రయంఫ్ పేరే మళ్ళీ నిలదొక్కుకుని 2023లో బజాజ్‌తో కలిసి 400 సీసీ బండి తెచ్చింది. మెరిడెన్ వాళ్ళు నేర్చుకోని పాఠం హింక్లీలో ఉన్న ఇప్పటి ట్రయంఫ్ వాళ్ళు నేర్చుకున్నారు.

సముద్రపుగాలి:
జపాన్‌నీ చూడండి మరి. ఇంతమందికి చిన్న బళ్ళు నేర్పిన దేశంలోనే 1982లో 32 లక్షలు దాటిన అమ్మకాలు ఇప్పుడు 4 లక్షల అటూ ఇటూ ఉన్నాయి. అక్కడ చిన్న బళ్ళు లేక కాదు కదా! అదే 1982లో అక్కడి హైస్కూలు తల్లిదండ్రుల సంఘాలు దేశవ్యాప్తంగా ఒక తీర్మానం చేశాయి, పిల్లలు లైసెన్సు తీసుకోకూడదు, బండి కొనకూడదు, నడపకూడదు అని. దశాబ్దాల పాటు స్కూళ్ళు దాన్ని అమలు చేశాయి. 16 ఏళ్ళకి ముట్టుకోనివ్వని వస్తువు మీద 26 ఏళ్ళకి ప్రేమ పుట్టమంటే ఎలా పుడుతుంది? పైగా 50 సీసీ మోపెడ్ల చోటుని కరెంటు సైకిళ్ళు తీసేసుకున్నాయి, కాలుష్య నిబంధనల వల్ల 2025 నవంబరు నుంచి ఆ 50 సీసీ తయారీ కూడా ఆగిపోయింది. కాబట్టి కంపెనీలు ఒక కారణమే, ఊళ్ళూ స్కూళ్ళూ కూడా కలిసి తలుపులు మూశాయి.

హ్యాండిల్_నాది:
ఇంతసేపూ "కుర్రాళ్ళు, కుర్రాళ్ళు" అంటున్నారు, అమ్మాయిల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. మైలురాయి గారు చెప్పిన ఆ 2018 సర్వేలోనే బైకున్నవాళ్ళలో ఆడవాళ్ళు 19 శాతం అని ఉంది, నాలుగేళ్ళ ముందు 14. అమ్మకాలు పడిపోతున్న చోట పెరుగుతున్న వర్గం ఇది, దాన్నీ పట్టించుకోకపోతే ఇంకెవరికి అమ్ముతారు?

నేను బండి చూడ్డానికి వెళ్ళినప్పటి సంగతి చెప్తా. నా ఎత్తు 157 సెంటీమీటర్లు. నాకు నచ్చిన అడ్వెంచర్ బండి సీటు 850 మిల్లీమీటర్లు. ఎక్కి కూర్చుంటే ఒక కాలి బొటనవేలు మాత్రమే నేలకి తగిలింది, రెండో కాలు గాల్లో. పక్కనున్న సేల్స్ అబ్బాయి బండిని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు, నేను పడేస్తానని. తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నా వెనకొచ్చిన మా తమ్ముడికి మైలేజీ, సర్వీసు, ఈఎంఐ అన్నీ వివరించాడు. వాడికి బైకే రాదు. తక్కువ ఎత్తు సీటు దొరుకుతుందని, సస్పెన్షన్ లింకు మారిస్తే బండి ఇంకో 20 మిల్లీమీటర్లు దిగుతుందని తర్వాత ఇలాంటి చర్చల్లో చదివి తెలుసుకున్నా. ఆ ముక్క అక్కడే చెప్పుంటే ఆ రోజే అడ్వాన్సు కట్టేదాన్ని.

హోండా రెబెల్ ఎందుకు అంతమందికి నచ్చిందంటారు? సీటు 690 మిల్లీమీటర్లు. రెండు పాదాలూ నేల మీద ఆనతాయి. ధైర్యం అక్కడ మొదలవుతుంది.

నట్టుబోల్టు:
హ్యాండిల్ అక్కా, వంద శాతం కరెక్టు. షోరూములో పనిచేసిన అనుభవంతో చెప్తున్నా, మొదటి బండి కొనేవాళ్ళు మాటల్లో బయటపెట్టరు గానీ వాళ్ళ మనసులో ఉండే మొదటి భయం "ఆగినప్పుడు పడిపోతానేమో" అనే. గుర్రాల శక్తి గురించి అడిగేవాళ్ళు రెండోసారి కొనేవాళ్ళు.

హార్లే గురించి కూడా ఒక మాట. వాళ్ళు అసలు ప్రయత్నించలేదనడం న్యాయం కాదు. 2014లో స్ట్రీట్ 750, స్ట్రీట్ 500 తెచ్చారు. కానీ బ్రేకులు, వైరింగు, ఫిట్టింగు చూసినవాళ్ళెవరికీ అది మనసుపెట్టి చేసిన బండిలా అనిపించలేదు, పాత కస్టమర్లు దాన్ని తమ బండే కాదన్నారు, కొన్నేళ్ళకి ఆపేశారు. స్పోర్టీ బళ్ళు చేసే బ్యూయెల్ అనే కంపెనీ చేతిలో ఉంటే దాన్నీ 2009లో మూసేశారు. ఈ వరస చూసిన కుర్రాడికి "ఈ కంపెనీ మనకోసం కాదు" అనే కదా అర్థమయ్యేది.

ఇదే కాలంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంగతి చూడండి. 2010లో ఏడాదికి 50 వేల చిల్లర అమ్మిన కంపెనీ, 2024-25లో 10 లక్షలు దాటింది. వాళ్ళ బళ్ళలో విపరీతమైన వేగం లేదు, మోయలేనంత ఎలక్ట్రానిక్సు లేదు. 350 సీసీ, నిదానంగా కొట్టుకునే ఇంజిను, చూడగానే గుర్తుపట్టే ఆకారం. కొనేది ఎక్కువగా కుర్రాళ్ళే. పిల్లలకి పాత బళ్ళ అందం నచ్చదని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

చరిత్ర_పురుగు:
దానికి తోడు 600 సీసీ నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బళ్ళు ఎలా తగ్గిపోయాయో కూడా చూడాలి. యమహా ఆర్6 యూరప్ కాలుష్య నిబంధనలు యూరో 5కి సరిపడక 2020తో రోడ్డు మీద నుంచి ట్రాకుకి వెళ్ళిపోయింది. దాని స్థానంలో 2021లో వచ్చిన ఆర్7లో ఉన్నది యమహాదే మామూలు రోడ్డు బండి ఎంటీ-07 రెండు సిలిండర్ల ఇంజిను. గుర్రాలు తక్కువ, కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది, ధర తక్కువ. పాత అభిమానులు తిట్టుకున్నారు, కుర్రాళ్ళు కొనుక్కున్నారు.

నిశ్శబ్దం_ఇష్టం:
కరెంటు బళ్ళ గురించి ఎవరూ మాట్లాడరేం? "కొత్త తరం అంటే ఎలక్ట్రిక్" అని అందరూ పందెం కాశారు. హార్లే 2019లో లైవ్‌వైర్ తెచ్చింది, ధర దాదాపు 30 వేల డాలర్లు. తర్వాత దాన్ని వేరే కంపెనీ చేసి, ఇంకా తక్కువ ధర మోడళ్ళు వదిలినా 2024లో అమ్మింది 612 బళ్ళు. ఇటలీ ఎనర్జికా అదే ఏడాది దివాలా తీసింది. మరి పిల్లలకి కరెంటు ఇష్టం లేదా అంటే, అదీ కాదు. సర్-రాన్ లాంటి 50, 60 కిలోల చిన్న ఎలక్ట్రిక్ డర్ట్ బళ్ళ మీద 15, 16 ఏళ్ళ పిల్లలు గంతులేస్తున్నారు. గ్యారేజీలో ప్లగ్గు పెడితే చాలు, ఇద్దరు పట్టుకుంటే కారు వెనక ఎక్కించొచ్చు. వాటిలో చాలావాటికి రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డు మీద నడిపితే చట్టవిరుద్ధం, అది నిజంగా పెద్ద సమస్యే. కానీ ఆ పిల్లలు ఏ అమ్మకాల లెక్కలోకీ రారు. రెండు చక్రాల మోజు తగ్గిందని ఎలా అంటాం? మోజు లెక్కల బయట తిరుగుతోంది.

ట్యాపెట్_శబ్దం:
నిశ్శబ్దం గారి మాట ఒప్పుకుంటా. కానీ ఒక మెకానిక్కుగా నా బాధ చెప్పనివ్వండి. పాత సింగిల్ సిలిండర్ బండికి ట్యాపెట్లు, అంటే ఇంజిను వాల్వుల దగ్గర ఉండే సందు, సెట్ చేయాలంటే కవర్ విప్పి, ఫీలర్ గేజ్ పెట్టి, లాక్ నట్టు లూజు చేసి, స్క్రూ తిప్పి మళ్ళీ బిగించేవాళ్ళం. గంటలో పని. పక్కన నిలబడి చూసిన పిల్లాడు మర్నాడు తనే చేసుకునేవాడు. కొన్ని కొత్త బళ్ళకి అదే పని చేయాలంటే ట్యాంకు దించాలి, ఎయిర్ బాక్స్ తీయాలి, క్యామ్‌షాఫ్టులు లేపాలి, మైక్రోమీటర్‌తో షిమ్ములు అనే సన్నటి బిళ్ళలు కొలిచి సరైన సైజువి తెప్పించాలి, బండి రెండ్రోజులు షెడ్డులో ఉంటుంది. బిల్లు చూసి కుర్రాడి మొహం మాడిపోతుంది. చెయ్యి పెట్టి విప్పి బిగించిన బండి మీద పుట్టే మమకారం వేరు. అది లేకపోతే బండి కూడా ఫోన్ లాంటిదే, రెండేళ్ళకి మార్చేస్తారు.

పైగా ఇప్పుడు క్లచ్ కూడా తీసేస్తున్నారు. హోండా ఈ-క్లచ్, యమహా వై-ఏఎంటీ, బీఎండబ్ల్యూ ఆటోమేటెడ్ గేర్లు, అన్నీ 2024లోనే మొదలయ్యాయి. క్లచ్ పట్టడం రాకపోతే ఇంక బైకు నడపడమేంటి?

మూడోగేరు:
ట్యాపెట్ అన్నా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. కిక్ పోయి సెల్ఫ్ వచ్చినప్పుడూ ఇదే అన్నారు, చోక్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చినప్పుడూ ఇదే అన్నారు. ఈ-క్లచ్‌లో లివర్ ఉంటుంది, కావాలంటే పట్టొచ్చు, వద్దంటే వదిలేయొచ్చు. ట్రాఫిక్‌లో గంటసేపు ఎడమ చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంటేనే అసలైన రైడర్ అంటే, మా అమ్మాయిలూ అబ్బాయిలూ సగం మంది స్కూటరే కొంటారు. కొంటున్నారు కూడా.

రిపేరు విషయంలో మాత్రం మీ మాటే నా మాట. నేర్పేవాళ్ళుంటే నేర్చుకోవడానికి మేం రెడీ. వారంటీ పోతుందని నట్టు కూడా ముట్టుకోనివ్వకుండా చేసింది మేం కాదు.

లెక్కలబుక్కు:
స్కూటర్ మాట వచ్చింది కాబట్టి. ఇండోనేషియాలో ఇప్పుడు అమ్ముడయ్యే ద్విచక్ర వాహనాల్లో దాదాపు 90 శాతం ఆటోమేటిక్ స్కూటర్లే. మన దేశంలో 2018-19లో మోటార్‌సైకిళ్ళు 1.36 కోట్లు, స్కూటర్లు 67 లక్షలు. 2024-25కి వచ్చేసరికి స్కూటర్లు 68 లక్షలు దాటి పాత రికార్డుని మించాయి, మోటార్‌సైకిళ్ళు 1.22 కోట్ల దగ్గరే ఉన్నాయి. ఇంట్లో అందరూ నడపగలిగే బండికే ఇంటి డబ్బు వెళ్తుంది.

ఇంకో హెచ్చరిక కూడా. కంపెనీ కష్టాల్లో పడితే ప్రతిసారీ "కుర్రాళ్ళు కొనట్లేదు" అనే చదవకండి. కేటీఎం 2024 నవంబరులో దివాలా రక్షణ కోరింది. కోవిడ్ తర్వాత వచ్చిన గిరాకీ అలాగే ఉంటుందని ఎడాపెడా తయారుచేశారు, లక్షకు పైగా బళ్ళు అమ్ముడుపోకుండా గోడౌన్లలో ఉండిపోయాయి. చివరికి బజాజ్ డబ్బు పెట్టి చేతిలోకి తీసుకుంది. అదే కంపెనీ 390 డ్యూక్ 2013 నుంచి కుర్రాళ్ళని బైకుల్లోకి లాగినంతగా ఇంకే బండీ లాగలేదని నా నమ్మకం. బండి తప్పు కాదు, లెక్క తప్పింది.

ఇద్దరుపిల్లలతండ్రి:
అందరూ అమ్మకాల గురించి మాట్లాడుతున్నారు, నేను మాత్రం ఇంట్లో రాత్రిపూట ఉండే టెన్షన్ గురించి మాట్లాడతా. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం ఒకే దూరానికి చూస్తే కారులో ఉన్నవాళ్ళ కంటే బైకు మీద ఉన్నవాళ్ళు చనిపోయే అవకాశం 20 రెట్లకు పైగా ఎక్కువ. నేనూ బైకు నడిపినవాణ్ణే, నా కొడుకు అడిగితే మాత్రం నోట మాట రాలేదు. వద్దంటే స్నేహితుడి బండి హెల్మెట్టు లేకుండా నడుపుతాడు, అదింకా ప్రమాదం. చివరికి ఒక షరతు పెట్టా: ఏబీఎస్ ఉన్న బండే, ముందు శిక్షణ, తర్వాతే తాళం. ఏబీఎస్ ఉన్న బళ్ళకి ప్రాణాంతక ప్రమాదాలు 20 శాతానికి పైగా తక్కువని అమెరికా ఇన్సూరెన్స్ సంస్థల అధ్యయనంలో తేలింది, యూరప్‌లో 125 సీసీ పైబడిన కొత్త మోడళ్ళకి 2016 నుంచి తప్పనిసరి కూడా చేశారు. ఏబీఎస్ ఖరీదైన మోడల్‌కే ఇచ్చి, కుర్రాళ్ళు కొనే తక్కువ ధర మోడల్‌కి పీకేసే కంపెనీ అంటే నాకు కోపం. కొత్తగా నేర్చుకునేవాడికే కదా అది ముందు కావాల్సింది!

కుర్రాళ్ళని ఆపేది తల్లిదండ్రుల భయం. ఆ భయం తగ్గించే పని చేసిన కంపెనీకి ఇంకో ప్రకటన అక్కర్లేదు.

మైలురాయి:
నేను అడిగిన దానికంటే చాలా ఎక్కువే దొరికింది. కంపెనీల మీద నా కోపం అలాగే ఉంది, కానీ సముద్రపుగాలి గారు చెప్పిన స్కూళ్ళ సంగతి, ఈ తండ్రి గారు చెప్పిన భయం కూడా దానికి కలపాలి. మూడోగేరు తమ్ముడూ, నువ్వడిగిన 40 గుర్రాల బండి ఇప్పుడు నిజంగానే చాలా కంపెనీలు చేస్తున్నాయి, నీలాంటివాళ్ళు పట్టుబట్టి అడగబట్టే. ఏదైనా ఒకటి ఖాయం చేశావా?

మూడోగేరు:
రెండిటి మధ్య ఊగుతున్నా అన్నా. ఒకటి సెకండ్ హ్యాండ్ 390, నాలుగేళ్ళ పాతది, ఇంకోటి కొత్త 400. సెకండ్ హ్యాండ్ అయితే మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్టు, జాకెట్టు వస్తాయి. ఏం చూసుకోవాలో ఎవరైనా చెప్తారా?

ట్యాపెట్_శబ్దం:
తమ్ముడూ, పొద్దున్నే వెళ్ళు, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు నీ ఎదురుగానే స్టార్ట్ చేయమను. ముందే వేడిచేసి పెట్టారంటే ఏదో దాస్తున్నట్టు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల మీద నూనె మరకలుంటే సీళ్ళు పోయినట్టే. హ్యాండిల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి రెండు వైపులా ఒకేలా ఆగుతోందో లేదో చూడు, ఒక వైపు త్వరగా ఆగితే బండి పడిందని అర్థం. చైను తిరిగే వెనక స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగాయేమో, తాళం తిప్పి ఆన్ చేయగానే ఏబీఎస్ లైటు వెలిగి, బండి కదిలాక ఆరుతోందా లేదా చూడు. సర్వీసు బుక్కులో వాల్వ్ క్లియరెన్స్, నేను చెప్పిన ఆ ట్యాపెట్ల పనే, ఎప్పుడు చూశారో అడుగు, రాసి లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమను. కొన్నాక మొదటి ఆయిల్ మార్పు నువ్వే చెయ్యి. డ్రెయిన్ బోల్టు వాషర్ మాత్రం కొత్తది వెయ్యి, పాతదే బిగించి ఊరుకోకు.